గల్లీలో ఆఖరి ఇల్లు

పోయిన వారం సరోజ మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకముందే సంచీలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఉర్దూ పేపర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఇంత చిన్న పొట్లం ఇంత బరువేమిటా అనుకుంటూ విప్పాను. లోపల ఇత్తడి నల్లా. పాతకాలపుది. తిప్పే చెవి ఒక పక్కే అరిగిపోయి, మూతి దగ్గర చిలుము పట్టి ఉంది.

"గుర్తువట్టినవా?" అంది.

గుర్తుపట్టకపోవడమేమిటి? ఆ చెవి అలా ఒక పక్కే అరగడానికి కారణం మా అమ్మ. ఎప్పుడూ ఎడమ చేత్తోనే తిప్పేది.

"మీ పాత ఇల్లు కూలగొడ్తున్నరు పద్మా. గోదాము కడ్తరట. పాత సామాన్లోడు దీన్ని గోనె సంచిల ఏస్తుంటే చూసిన. 'అరే భాయ్, వో హమారే కౌన్సిలర్ సాబ్ కా నల్లా హై' అన్న, మీ బాపుదని. వాడు నా మొఖం దిక్కు జూసిండు. ఏమనుకున్నడో ఏమో, తీస్కో అమ్మా అని చేతిల వెట్టిండు."

సరోజదీ నాదీ ఒకే గల్లీ. పురానాపూల్ వంతెన నుంచి బేగంబజార్ వైపు వచ్చే సడకు మీంచి మూసీ ఒడ్డుకు దిగే గల్లీ అది. సడకు మీద మొదటి ఇల్లు మాది. కింద, నది దగ్గర చివరి ఇళ్ళలో ఒకటి వాళ్ళది. వాళ్ళమ్మ రూతమ్మ అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానలో ఆయాగా పనిచేసేది. సరోజ అక్కడే నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ ఆ గల్లీలోనే ఉంటుంది. మేము మాత్రం అమ్మా బాపూ పోయాక ఇల్లు అమ్మేశాం. నేను ఊరికి ఇంకో చివర, లిఫ్టు ఆగితే దిగలేని ఎత్తులో కాపురముంటున్నాను.

సరోజ చాయ్ తాగి వెళ్ళాక నల్లాను చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టాను. ఇత్తడి మీద చింతపండు పడగానే ఒక పుల్లటి వాసన లేస్తుంది. ఆ వాసనలోనే నేను పుట్టి పెరిగాను. మా తాత నాటినుంచి బేగంబజార్లో మాది ఇత్తడి సామాను దుకాణం. బిందెలు, గంగాళాలు, చెంబులు, పెళ్ళిళ్ళకు పెట్టే పళ్ళాలు. బాపు సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కా నుంచీ చేతుల నుంచీ అదే వాసన వచ్చేది. అన్నం తినే ముందు ఎంత కడుక్కున్నా పోయేది కాదు. ఆయన కౌన్సిలరై, తెల్ల పంచె మీద నల్ల కోటు వేసుకొని మీటింగులకు పోయే రోజుల్లో కూడా ఆ కోటు కింద మా దుకాణం వాసనే ఉండేది. నాకు అదంటే ఇష్టం. అమ్మ మాత్రం "పెద్దమనిషి అయిండు గానీ పులుపు చావలేదు" అనేది.

బాపు పేరు వీరేశం. ఆయన రాజకీయాల్లోకి వచ్చాడనడం తప్పు, రాజకీయాలే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాయి. ఆయనకు ఉర్దూ చదవను రాయను వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు ఆఫీసు బల్ల ముందు నిలబడేంత వచ్చు. కాబట్టి ఎవరికి ఏ ఆఫీసులో పని పడ్డా, "జర మీరు తోడు రాన్రి సేట్" అని వచ్చేవాళ్ళు. ఆయన దుకాణం గుమాస్తాకు అప్పగించి బయలుదేరేవాడు. మా తాత తిట్టేవాడు, బాపు వినేవాడు, మళ్ళీ పోయేవాడు. అరవైల చివర్లో ఎన్నికలు వచ్చినప్పుడు ఆ వచ్చిన వాళ్ళందరూ కలిసి ఆయన్ను నిలబెట్టారు.

ఆ ఎన్నికల మీటింగు మా ఇంటి ముందే జరిగింది. పక్కింటి వాళ్ళ చెక్క తఖ్తు తెచ్చి సడకు వార వేశారు, అదే వేదిక. ఆ రోజుల్లో గల్లీ మొత్తానికి ఒకటే నల్లా, సగం దిగినాక ఒక రాతి గద్దె మీద ఉండేది. ఇంటింటికీ నల్లా తెప్పిస్తానని బాపు చెబుతున్నాడు. గుంపులోంచి ఎవడో అరిచాడు.

"గెలిచినంక మొదటి నల్లా మీ ఇంటికే గదా సేట్!"

జనం నవ్వారు. బాపు ముఖం ఎర్రబడింది. నెమ్మదైన మనిషే గానీ, ఎవరైనా తన నిజాయితీ మీద చెయ్యి వేస్తే మాత్రం నోరు ఆయన వశంలో ఉండేది కాదు.

"ఇగో, అందరి ముందర చెప్తున్న. ఈ గల్లీల ఆఖరి ఇంటికి నల్లా వచ్చినంకనే మా ఇంటికి నల్లా. గప్పటి దాంక నా ఇంటోళ్ళు కూడ మీ తీరుగనే బిందె మోస్తరు."

చప్పట్లు మారుమోగాయి. తలుపు వెనక మా అమ్మ నిలబడి ఉంది. నేను ఆమె కొంగు పట్టుకొని ఉన్నాను. ఆ గల్లీలో ఆరోజు చప్పట్లు కొట్టని మనిషి ఆమె ఒక్కతే.

బాపు గెలిచాడు. మాట నిలుపుకున్నాడు కూడా. పైపులు వేయించాడు. సడకు మీది పెద్ద పైపు నుంచి గల్లీలోకి తీసిన పైపు సరిగ్గా మా గడప కిందినుంచే దిగింది. అక్కణ్ణుంచి ఒక్కో ఇంటికీ నల్లా వచ్చింది. మాకు ఎదురుగా ఉన్న కిరాణా వాళ్ళకు వచ్చింది, కరెంటాఫీసులో పనిచేసే వాళ్ళకు వచ్చింది, మగ్గం నేసే ముసలాయనకు వచ్చింది. మాకు రాలేదు. తెల్లవారుజామున నీళ్ళు వదిలితే మా గడప కింద సుయ్‌మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే అమ్మ లేచి బిందె తీసుకొని కిందికి దిగేది. నీళ్ళేమో మా కాళ్ళ కిందినుంచి పోతున్నాయి, వాటికోసం ఆమె సగం గల్లీ దిగి, నిండు బిందెతో మళ్ళీ ఎత్తు ఎక్కి వచ్చేది. బిందెలమ్మే సేటు భార్య నీళ్ళ బిందెతో ఆయాసపడుతూ ఎక్కుతుంటే చూసి కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. పాతవాళ్ళకు అలవాటైపోయింది. అమ్మ బిందె మా దుకాణానిదే, ఏదో పెట్టె తగిలి ఒక పక్క సొట్ట పడితే అమ్ముడుపోక ఇంటికి వచ్చింది. లైన్లో మనిషి లేకపోయినా ఆ సొట్ట చూసి అది మాదని అందరికీ తెలిసేది. ఆ గద్దె దగ్గర మనిషికి బదులు బిందె నిలబడేది. బిందెను ఎవరూ కదిలించేవాళ్ళు కాదు. బిందెకున్న మర్యాద అది.

ఇంటికొచ్చే జనం సంగతి వేరు. పొద్దు పొడవకముందే అరుగు నిండేది. డ్రైనేజీ పొంగిందని ఒకరు, వీధి దీపం వెలగడం లేదని ఒకరు, కొడుకు బడి సర్టిఫికెట్లో పేరు తప్పుపడిందని ఒకరు. బాపు అందరికీ చాయ్ పోయించేవాడు. "అల్లం జర ఎక్కువ వెయ్యే" అని లోపలికి కేకేసేవాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చొని, బొగ్గు పొగలో కళ్ళు తుడుచుకుంటూ, గిన్నెలో నీళ్ళు పోసినప్పుడల్లా ఒక మాట అనేది.

"చాయ్ పత్త దుకాణంల దొరుకుతది, చక్కెర రేషన్ల దొరుకుతది. ఈ నీళ్ళు ఎవరి నడుము మీదికెళ్ళి వచ్చినయో ఆ అరుగు మీద ఎవరికన్న ఎరుకనా?"

ఆ మాట అరుగు దాకా వినపడేటట్టే అనేది. బాపు దగ్గేవాడు. వచ్చినవాళ్ళు చాయ్ గ్లాసులోకి చూసుకునేవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెతకు అర్థం నేను బడిలో నేర్చుకోలేదు.

ఇలా చెబుతుంటే మా బాపు ఇంట్లో వాళ్ళను పట్టించుకోని మనిషి అనుకుంటారేమో. కాదు. పొద్దున్నే మురుగు మోరీల వెంట చేతికర్రతో తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కొని, దేవుడికి దీపం పెట్టి, నా జడ విప్పి చిక్కు తీసేవాడు. అమ్మకు ఆ తీరికే ఉండేది కాదు. ఇత్తడి తోమిన వేళ్ళతో ఎంత మెత్తగా తీసేవాడో! తీస్తూ తీస్తూ ఆ రోజు కౌన్సిల్లో ఏం మాట్లాడాలో నాకు చెప్పి చూసుకునేవాడు. "ఈ ముచ్చట అర్థమైందా బిడ్డా?" అని అడిగేవాడు. నాకు అర్థం కాకపోతే, "అయితే కమిషనర్‌కు కూడ అర్థం కాదు" అని మళ్ళీ సులువు చేసి చెప్పేవాడు. నేను రచయిత్రినయ్యానంటే ఆ దువ్వెన దగ్గర నేర్చుకున్న పాఠమే పెట్టుబడి. ఆ రుణం తీర్చలేనిది.

చిక్కంతా ఆ ఆఖరి ఇంటితోనే వచ్చింది. మా గల్లీకి ఒక చివర సడకు, రెండో చివర నది ఒడ్డు. ఒడ్డున ఖాళీ జాగా. వర్షాలు లేక ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళు, మిల్లు పనికి వచ్చినవాళ్ళు ఏటా అక్కడ గుడిసెలు వేసుకునేవాళ్ళు. పైపు ఎంత కిందికి దిగితే గల్లీ అంతకంటే కిందికి దిగేది. ఒకనాడు మధ్యాహ్నం అమ్మ నన్ను లేపి, "పా, మీ బాపు చెప్పిన ఆఖరి ఇల్లు ఎట్లుంటదో చూసొద్దాం" అంది. ఇద్దరం దిగాం. సరోజ వాళ్ళ ఇల్లు దాటాం. దాటాక ఒకాయన గుంజలు పాతి తడికెలు కడుతున్నాడు. ఆయన భార్య పసిపిల్లను చంకనేసుకొని మూడు రాళ్ళ పొయ్యి మీద ఏదో ఉడకబెడుతోంది.

"ఎప్పుడొచ్చిన్రమ్మా?" అని అడిగింది అమ్మ.

"నిన్ననే అక్కా. కూసోరాదు, ఇంత చాయ్ తాగుదురు."

అమ్మ కూర్చుంది. ఆ చాయ్ తాగింది. ఆ నీళ్ళు కూడా ఆ గద్దె మీది నల్లా నుంచే, మాకంటే ఎక్కువ దూరం మోసుకొచ్చినవే. ఇంటికొచ్చి బాపుతో అంది, "మీ ఆఖరి ఇంటికి కాళ్ళొచ్చినయి. మూసీ దిక్కు నడుసుకుంట పోతున్నది. మీరు దాన్ని ఎన్నడు పట్టుకోను, నేనెన్నడు బిందె దించను?"

డెబ్భైలు మొదలయ్యాక కౌన్సిల్ గడువు అయిపోయింది. మళ్ళీ ఎన్నికలు పెట్టలేదు. ఆఫీసర్ల పాలన వచ్చింది. ఇవాళ పెడతారు, రేపు పెడతారు అంటూ ఏళ్ళు గడిచిపోయాయి. బాపు కుర్చీ పోయింది గానీ పేరు పోలేదు. కౌన్సిలర్ సాబ్ కౌన్సిలర్ సాబే. అరుగు మీద జనమూ తగ్గలేదు. అప్పుడు అమ్మకు ఆశ పుట్టింది.

"ఇప్పుడు మీరు కౌన్సిలర్ కాదు గదా. అందరి తీరు మనం గూడ ఒక దరఖాస్తు వెట్టుకుంటే ఎవరేమంటరు?"

"మాట కౌన్సిలర్ ఇయ్యలేదే. వీరేశం ఇచ్చిండు. వీరేశం ఇంకా ఉన్నడు గదా."

"ఉన్నడు. వీరేశం పెండ్లాం గూడ ఉన్నది. ఆమె మోకాళ్ళు లేవు" అని అమ్మ బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది.

పదవి లేని ఆ ఏళ్ళలోనే బాపు అసలు పనితనం నేను చూశాను. ఒకసారి కర్ఫ్యూ పెట్టారు. రెండు వైపులా ఇళ్ళ తలుపులు మూసుకొని జనం బిక్కుబిక్కుమంటున్నారు. నీళ్ళు వదిలే లైన్‌మన్ ఖాదర్ భాయ్ ఇల్లు పురానాపూల్ అవతల, ఆయన రాలేడు. గడప కింద సుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. బాపు నల్ల కోటు వేసుకున్నాడు. అమ్మ అడ్డం పడింది. "పాస్ లేదు, పదవి లేదు, ఏమని పోతరు?" అంది. "కోటు ఉన్నది గదా" అన్నాడు. సడకు మధ్యలో చేతులు రెండూ పైకెత్తి నడిచి పోతుంటే మేము కిటికీ సందులోంచి చూశాం. వంతెన దగ్గర పోలీసాయన ఆపాడు, ఏదో అడిగాడు, బాపు ఏదో చెప్పాడు. కాసేపటికి పోలీసు జీపులో ఖాదర్ భాయ్‌ని వెంటబెట్టుకొని వచ్చాడు. ఖాదర్ భాయ్ పొడుగాటి ఇనుప చావీతో వాల్వు తిప్పుతూ, "సాబ్, కుర్సీ నహీ తో క్యా హువా, జబాన్ తో హై" అన్నాడు, కుర్చీ లేకపోతేనేం, మాట ఉంది కదా అని. ఆ పూట అమ్మ గొడవపడకుండా ఇద్దరికీ చాయ్ పెట్టింది. అల్లం కూడా వేసింది.

నేను డిగ్రీ ఆఖరి పరీక్షలకు చదువుతున్నప్పుడు, ఒక పొద్దున అమ్మ నల్లా గద్దె మీద పాచికి జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. రూతమ్మే ఆమెను లేపి, కొంగు చింపి చెయ్యి కట్టి, దవాఖానకు తీసుకుపోయింది. అమ్మ కట్టుతో ఇంటికి వచ్చింది. అరుగు మీది వాళ్ళను చూసి తలవంచుకొని లోపలికి పోయి పడుకుంది. ఆమె తిట్టి ఉంటే బాపుకు నయంగా ఉండేది. నేను బిందె అందుకోబోతే, "నువ్వు చదువుకో బిడ్డా" అని తీసుకున్నాడు. మరునాడు గడప కింద చప్పుడు కాగానే మాజీ కౌన్సిలర్ వీరేశం సొట్ట బిందె భుజాన పెట్టుకొని గల్లీ దిగాడు.

ఇక మొదలైంది తమాషా. కౌన్సిలర్ సాబ్ లైన్లో దొరుకుతాడని తెలిశాక మా అరుగు మీదికి ఎవరొస్తారు? అర్జీలు పట్టుకొని మగవాళ్ళంతా నల్లా దగ్గరికే వచ్చేవాళ్ళు. పెన్షన్ ఆగిన ముసలాయన, రేషన్ కార్డు కావాలనే కుర్రాడు, మోరీ పంచాయితీ తెచ్చిన అన్నదమ్ములు. బాపు గద్దె మీద కూర్చొని అందరి మాటా వినేవాడు. ఆయన వంతు వచ్చి పోయేది, బిందె ఖాళీగా ఉండేది, వెనకవాళ్ళు ఆయన్ను దాటి పోలేక నిలబడేవాళ్ళు. పెద్దమనిషి కదా, ఎలా దాటుతారు? లైన్ కదిలేది కాదు. ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కొని, నోళ్ళు కట్టేసుకొని, గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళు. అత్తల మీద కోపాలు, మొగుళ్ళ తాగుడు, కడుపుతో ఉన్న కబురు అన్నీ చెప్పుకునే చోటు వాళ్ళకు లోకంలో అదొక్కటే. అక్కడే దర్బారు వెలిసింది. బాపుకు మాత్రం మహా సంతోషంగా ఉంది. "లైన్ల నిలబడితెనే ప్రజల కష్టం ఏందో తెలుస్తదే" అని ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాడు. అమ్మ ఆయన్ను తేరిపార చూసి, "గట్లనా" అనేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ రూతమ్మ మా ఇంటికి వచ్చింది. తెల్ల చీర, చేతిలో బైబిలు, వెనక గల్లీ ఆడవాళ్ళు నలుగురైదుగురు. అరుగు కింద నిలబడింది. బాపు కూర్చోమన్నా కూర్చోలేదు. అమ్మా నేనూ తలుపు దగ్గరికి వచ్చాం.

"సాబ్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మన గల్లీ ఏడికెళ్ళి మొదలైతది?"

"ఏడికెళ్ళేంది రూతమ్మా? ఈ సడక్ కాడికెళ్ళి."

"అది మీకు. నేను దవాఖానకు డ్యూటీకి వస్తే మూసీ కాడికెళ్ళి నడుసుకుంట వస్త. నాకు గల్లీ మా ఇంటికాడ మొదలైతది, ఈడ మీ గడప కాడ ఖతమైతది. మా దిక్కుకెళ్ళి చూస్తే మీదే ఆఖరి ఇల్లు. మీరిచ్చిన మాట ఆఖరి ఇంటికే గదా?"

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. బాపు నవ్వలేదు.

"మాటలతోని నన్ను మాయ చెయ్యకు. మీ ఇంట్ల నల్లా లేదు. మీ అవతల గుడిసెలకు లేదు. మీకు రాకముందు నేనెట్ల వెట్టుకుంట?"

"మా దాంక పైపు రావాల్నంటే ఆఫీసులు కదలాలె. అది ఎన్నడో ఆ ప్రభువుకే ఎరుక. మీ ఇంటికి రావాల్నంటే మీరొక్కలు కదిలితే చాలు." రూతమ్మ బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మీరు మా కోసమే ఆగిన్రు. అది మాకు తెలుసు, దేవునికి తెలుసు. గానీ మీరు ఆగి మాకేం వచ్చింది సాబ్? అక్క బిందె పోతే మా బిందెలు ఒకటి ముందుకు జరుగుతయి. నా డ్యూటీ టైముకు నేను పోత. ఇన్నేండ్ల సంది మీ మాట మా ముందల లైన్ల నిలబడ్డది. ఇగ దాన్ని ఇంటికి తీస్కపోన్రి."

వెనక నుంచి ఇంకో ఆమె ధైర్యం చేసింది. "ఇంకోటి సాబ్, మీరొచ్చినకాడికెళ్ళి మాకు ముచ్చట వెట్టుకునే జాగ లేకుంటయింది."

అప్పుడు మొదట నవ్వింది మా అమ్మ. కట్టు కట్టిన చెయ్యి పట్టుకొని, తలుపుకు ఆనుకొని, ఎన్నేళ్ళ నవ్వో అది, ఆగకుండా నవ్వింది. బాపు ఆమె వైపు చూశాడు, రూతమ్మ వైపు చూశాడు, అరుగు మూలన బోర్లించి ఉన్న సొట్ట బిందె వైపు చూశాడు. ఆయన ముఖంలో సిగ్గో దుఃఖమో తెలియని ఒక రంగు వచ్చి పోయింది. తన త్యాగం ఎవరికో ఉపకారమనుకుంటూ ఇన్నేళ్ళు మోశాడు. మోసింది అమ్మ అనుకోండి. అది ఎవరికి అడ్డం నిలబడిందో చెప్పడానికి గల్లీ చివరనుంచి మనిషి రావలసి వచ్చింది. నల్లా లేని మనిషే వచ్చి చెప్పింది.

"నీకు డ్యూటీకి ఆలస్యమైతుందని నాకొక్కనాడు చెప్పలేదు రూతమ్మా" అన్నాడు చివరికి.

"మీరు దర్బారుల ఉంటిరి గదా సాబ్."

మర్నాడు ఆయన కోటు వేసుకోకుండా ఆఫీసుకు పోయి, అందరితోపాటు బెంచీ మీద కూర్చొని దరఖాస్తు ఇచ్చి వచ్చాడు.

ఎనభైల్లో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి బాపు జుట్టు పూర్తిగా నెరిసింది, వీధుల్లోకి రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వచ్చి మా దుకాణం సగం ఖాళీ అయింది. ఆయన వద్దన్నా నిలబెట్టారు, గెలిపించారు. ఈసారి తఖ్తు ఎక్కి ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. రూతమ్మ దగ్గరికి పోయి, "ఈ తడవ పని ఏడికెళ్ళి మొదలు వెట్టాలె?" అని అడిగాడు. నది వైపు నుంచి మొదలుపెట్టారు. సరోజ వాళ్ళ ఇంటికీ, ఆ అవతల అమ్మ చాయ్ తాగిన ఇంటికీ నల్లాలు వచ్చాయి. ఆ తర్వాత కొత్తగా గెలిచిన కుర్రవాళ్ళెవరైనా వచ్చి ఆశీర్వదించమంటే, "మంచి పని చేస్తున్నా అనుకున్నప్పుడు జర వెనకకు తిరిగి చూడు, లైన్ల ఎవరన్న ఆగిన్రేమో" అనేవాడు. వాళ్ళకు ఆ మాట అర్థమయ్యేదో లేదో.

ఇప్పుడు మా ఫ్లాట్లో ఎటు చెయ్యి చాపినా నల్లానే. వేసవిలో ట్యాంకర్ వస్తుంది. దాని గురించి ఫోన్లలో కొట్లాడుకుంటాం. పై అంతస్తు వాళ్ళెవరో నాకు తెలియదు, మా ఇంట్లో చాయ్ ఏ నీళ్ళతో కాగుతుందో వాళ్ళకు తెలియదు. సుఖంగానే ఉన్నాను, అబద్ధమెందుకు చెప్పాలి? ఆ బరువు మళ్ళీ ఏ ఆడదీ మోయకూడదు. కానీ ఈ వయసులో ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలా అని ఆలోచిస్తే, నాకు బాపు కంటే ముందు ఆ గద్దె చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళే కళ్ళకు కడతారు. ఆయన్ను మనిషిగా ఉంచింది వాళ్ళు. పెద్దమనిషికి అడ్డం తిరిగి నిజం చెప్పేంత ప్రేమ వాళ్ళకుండేది.

తళతళలాడుతున్న నల్లాను బల్ల మీద పెట్టి సరోజకు ఫోన్ చేశాను. "మా ఇంట్ల నీళ్ళొచ్చిన మొదటి రోజు యాదికున్నదా?" అని అడిగాను. నాకు బాగా గుర్తు. దుకాణంలోంచి ఈ నల్లాను అమ్మ స్వయంగా ఏరి తెచ్చింది. ఖాదర్ భాయ్ వచ్చి పెరట్లో బిగించాడు. పొద్దున గడప కింద సుయ్‌మన్నది. అమ్మ కట్టు విప్పినా కుడి చేతికి ఇంకా పట్టు రాలేదు. ఎడమ చేత్తో తిప్పింది. నీళ్ళు పడ్డాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ కట్టేసింది. బాపు వెనక నిలబడి ఉన్నాడు. దోసిట్లో పట్టి ముందు ఆయనకే తాగించింది. ఆయన తాగాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆమె ఏమీ పట్టుకోకుండా, ఖాళీ చేతులు ఊపుకుంటూ గల్లీ దిగింది. ఆమె ఒట్టి చేతులతో ఆ గల్లీ దిగడం నేను అంతకు ముందు చూడలేదు. నేనూ వెంట పోయాను. గద్దె దగ్గర ముందురోజు సాయంత్రమే అలవాటుగా పెట్టిన మా సొట్ట బిందె లైన్ మధ్యలో నిలబడి ఉంది. అమ్మ దాన్ని ఎత్తి చంకలో పెట్టుకుంది.

"నా జాగ ఖాళీ అయింది. జరుగున్రి" అంది.

"మరిచిపోతనా పద్మా?" అంది సరోజ ఫోన్లో. "మీ బిందె ఎనకనే మాది. మా అమ్మ దాన్ని రాయి మీద గర్రున ముందుకు జరిపింది. ఆ ఎనకామె, ఆ ఎనకామె... బిందెలన్ని మూసీ దాంక ఒకటెనక ఒకటి జరిగినయి. ఆనాడు మా అమ్మ డ్యూటీకి టైముకు పోయింది."